క్రియాటినిన్ అర్థమవ్వడానికి రెండు సెమిస్టర్లు: కమ్యూనిటీ కాలేజీలో అనాటమీ చదివిన నా అనుభవం

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం, సోంపేట దగ్గర ఊరు. ఉద్దానం అనగానే కొంతమందికి కొబ్బరి, జీడితోటలు గుర్తొస్తాయి, ఎక్కువమందికి కిడ్నీ జబ్బు గుర్తొస్తుంది. మా వైపు పెళ్ళిలో కలిసినా, సంతలో కలిసినా "క్రియాటిన్ ఎంతొచ్చింది" అని అడగడం మామూలే, రక్తపరీక్షలో వచ్చే క్రియాటినిన్ నంబర్ గురించే ఆ ప్రశ్న. మా పెదనాన్నకి బీపీ లేదు, షుగర్ లేదు, మందు అలవాటు లేదు, పొద్దున్నే తోటకెళ్ళి సాయంత్రం వచ్చే మనిషి, ఆయనకి ఆ నంబర్ ముందు రెండు దాటింది, తర్వాత నాలుగు దాటింది, ఆ తర్వాత డయాలసిస్ మొదలైంది. చిన్నప్పట్నుంచి ఇంట్లో ఆ నంబర్ వింటూనే పెరిగా గానీ అసలు అది ఏంటి, ఒంట్లో ఎక్కడ పుడుతుంది, అది పెరిగితే కిడ్నీ పాడైందని డాక్టర్లకి ఎలా తెలుస్తుంది అనేది నాకు ముప్పై దాటాక, డాలస్ దగ్గర ఒక కమ్యూనిటీ కాలేజీలో అనాటమీ, ఫిజియాలజీ చదివితే గానీ తెలియలేదు. నర్సింగ్ ప్రీరిక్విజిట్స్, అంటే నర్సింగ్‌లో చేరే ముందు పూర్తిచేయాల్సిన కోర్సుల గురించి తెలిసినవాళ్ళు అప్పుడప్పుడు అడుగుతుంటారు, వాళ్ళకీ పనికొస్తుందని మొత్తం ఒక్కచోట రాస్తున్నా, కొంచెం పెద్దదే అవుతుంది.

టెన్త్ వరకు తెలుగు మీడియం నేను. బయాలజీలో విసర్జన పాఠం, నెఫ్రాన్ బొమ్మ, భౌమన్ గుళిక, అవన్నీ బాగా ఇష్టంగా చదివా, పెన్సిల్ చెక్కుకుని మరీ ఆ బొమ్మ గీసేదాన్ని. కానీ టెన్త్ అవ్వగానే మన దగ్గర దారి రెండుగా చీలిపోతుంది కదా, ఎంపీసీ అయితే ఇంజినీరింగ్, బైపీసీ అయితే మెడిసిన్, మెడిసిన్ సీటు రాకపోతే ఏం చేస్తావ్ అన్న ఒక్క ప్రశ్నతో నన్ను ఎంపీసీలో వేశారు. ఇంట్లోవాళ్ళని తప్పుపట్టను, అప్పటి లెక్క అది. ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) చేశా, వైజాగ్‌లో కొన్నాళ్ళు ఉద్యోగం చేశా, పెళ్ళయ్యాక మా ఆయన హెచ్‌1బీ ఉద్యోగ వీసా మీద, నేను ఆయన మీద ఆధారపడ్డ హెచ్‌4 వీసాలో ఇక్కడికొచ్చా. పదిహేనేళ్ళ పిల్లకి ఒక సబ్జెక్ట్ మూసేస్తే అది జీవితాంతం మూసుకునే ఉండాలి అన్న పద్ధతి నాకు ఇప్పటికీ మింగుడుపడదు. బైపీసీ వదిలేసినవాళ్ళు మళ్ళీ ఒళ్ళు గురించి పద్ధతిగా చదువుకోవాలంటే మన దగ్గర ఎక్కడికెళ్ళాలి చెప్పండి?

ఇక్కడ ఆ జాగా కమ్యూనిటీ కాలేజీ. ఇల్లినాయ్‌లో జోలియెట్ జూనియర్ కాలేజ్ అని 1901లో మొదలైంది, అమెరికాలో మొదటి పబ్లిక్ కమ్యూనిటీ కాలేజీ అదే అంటారు. ఇప్పుడు దాదాపు ప్రతి ఊరికి దగ్గర్లో ఒకటుంటుంది. ఎంట్రెన్స్ ర్యాంకు లేదు, వయసు అడగరు. హెచ్‌4 మీద ఉన్నవాళ్ళు ఎఫ్‌1 స్టూడెంట్ వీసాకి మారకుండానే చదువుకోవచ్చు, పార్ట్‌టైమ్ కూడా పర్లేదు, ఇది చాలామందికి తెలియదు. ఫీజు క్రెడిట్ లెక్కన, అందులో మళ్ళీ మూడు రేట్లు: ఆ కౌంటీ లేదా డిస్ట్రిక్ట్‌లో ఉన్నవాళ్ళకి ఒకటి, టెక్సాస్‌లో వేరే చోట ఉన్నవాళ్ళకి ఒకటి, బయటి రాష్ట్రం, బయటి దేశం వాళ్ళకి ఇంకొకటి. టెక్సాస్‌లో హెచ్‌4 వాళ్ళు కూడా ఇక్కడ ఉంటున్నట్టు రుజువులు చూపించి రెసిడెంట్ రేటు అడగొచ్చు, లీజు, టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్స్, మా ఆయన జాబ్ లెటర్, అన్నీ పట్టుకెళ్ళి కూర్చున్నా. ముందు కౌంటర్‌లో నాకు ఇంటర్నేషనల్ స్టూడెంట్ రేటు వేసేశారు, వీసా పేరు చూసి అలా వేస్తుంటారు, మర్యాదగానే రెసిడెన్సీ చూసే వాళ్ళతో మాట్లాడతా అని అడిగితే సరిచేశారు. ఆ తేడా చిన్నది కాదండి, కాబట్టి అడగండి.

ఇండియా డిగ్రీని ఎవాల్యుయేషన్ చేయించా, ఇంగ్లిష్, మ్యాథ్స్ లాంటివి కొన్ని కలిసొచ్చాయి, సైన్స్ మాత్రం మొదట్నుంచి. టెక్సాస్‌లో పబ్లిక్ కాలేజీలన్నిటికీ కోర్స్ నంబర్లు ఒకటే, బయాలజీ 2401 అంటే అనాటమీ అండ్ ఫిజియాలజీ ఒకటి, 2402 అంటే రెండు, ఏ కాలేజీలో చేసినా ఇంకో కాలేజీలో చెల్లుతుంది. ఒక్కోటి నాలుగు క్రెడిట్లు, లెక్చర్ వేరు, ల్యాబ్ వేరు. బయాలజీ ముట్టుకుని ఇన్నేళ్ళయింది కాబట్టి ముందు జనరల్ బయాలజీ ఒకటి చేసి అప్పుడు 2401కి వెళ్ళు అని అడ్వైజర్ చెప్పింది, ఆ మాట వినడం వల్ల చాలా మేలు జరిగింది. సెల్, మెంబ్రేన్, ప్రొటీన్, కణానికి శక్తినిచ్చే ఏటీపీ, ఇవి అక్కడే గట్టిపడ్డాయి. ఎంపీసీ కెమిస్ట్రీ కూడా బానే అక్కరకొచ్చింది, సోడియం, పొటాషియం, పీహెచ్, బఫర్ అన్నప్పుడు క్లాసులో మిగతావాళ్ళు తలపట్టుకుంటే నాకు పాత చుట్టాన్ని చూసినట్టు ఉండేది.

క్లాసులో ఎవరున్నారో చెప్తే ఆ కాలేజీ ఏంటో తెలుస్తుంది. నా బల్ల దగ్గర ఒక ఆర్మీలో పనిచేసి వచ్చినాయన, నైట్ షిఫ్ట్‌లో నర్సింగ్ ఎయిడ్‌గా చేసి అక్కణ్ణుంచే స్క్రబ్స్‌లో ఎనిమిదింటికి ల్యాబ్‌కి వచ్చే ఒక నైజీరియా అక్క, ఇంకా హైస్కూల్లోనే ఉండి కాలేజీ కోర్సు కూడా చేసే డ్యూయల్ క్రెడిట్ కింద వచ్చే ఒక పిల్ల, మధ్యలో నేను. ప్రొఫెసర్ గారు ముందు చాలా ఏళ్ళు ఐసీయూలో నర్సుగా చేసినావిడ. పాఠం చెప్తూ చెప్తూ ఈ నాళం ఇక్కడుంది కాబట్టి మేము ఐవీ ఇక్కడ పెడతాం, ఈ నరం ఇక్కడుంది కాబట్టి తుంటి మీద ఇంజెక్షన్ ఈ పక్కకే వేయాలి అని చెప్పేది. తుంటిలో సయాటిక్ నర్వ్ పోయే దారి చూపించాక ఆ మాట ఇంక మర్చిపోవడం ఉండదు.

2401లో సెల్ తర్వాత వెంటనే వచ్చేది టిష్యూలు, హిస్టాలజీ. ఎక్కువమంది డ్రాప్ అయ్యేది ఇక్కడే, నాకేమో ప్రాణం లేచొచ్చింది ఇక్కడే. మైక్రోస్కోప్‌లో మొదట గులాబీ, వంకాయ రంగు మరకలు తప్ప ఏమీ కనపడవు. ట్రేకియా స్లైడ్ పెట్టాం, కణాల న్యూక్లియస్‌లు ఒకటి పైన, ఒకటి కింద, రెండు మూడు వరసలున్నట్టే ఉన్నాయి. ప్రొఫెసర్ వచ్చి వరసలు లెక్కపెట్టొద్దు, ప్రతి కణం కింది గీతని తాకుతుందా లేదా చూడు అంది. ఫైన్ ఫోకస్ మెల్లగా తిప్పుతూ పోతే, అవును, ప్రతిదీ కింద బేస్‌మెంట్ మెంబ్రేన్‌ని తాకుతోంది, కొన్ని పొట్టివి, కొన్ని పొడుగువి అంతే, వరస ఒక్కటే. పైన అంచున సన్నటి వెంట్రుకల్లాంటి సిలియా, మధ్యమధ్యలో ఖాళీగా తెల్లగా ఉబ్బిన గాబ్లెట్ సెల్స్, మ్యూకస్ తయారుచేసేవి. దుమ్ము మ్యూకస్‌కి అంటుకుంటుంది, సిలియా దాన్ని పైకి గొంతు వైపు తోసేస్తుంది. సిగరెట్ తాగేవాళ్ళకి ఆ సిలియా దెబ్బతింటుంది కాబట్టి దగ్గి దగ్గి బయటికి తెచ్చుకోవాల్సి వస్తుంది. ఆకారం చూస్తే పని తెలిసిపోతుంది, పని తెలిస్తే ఆకారం గుర్తుంటుంది, ఇదే ఈ సబ్జెక్ట్ మొత్తానికి తాళంచెవి. బట్టీ అని భయపెట్టేవాళ్ళ మాట నమ్మకండి. బట్టీ పట్టాల్సింది ఉంది, చాలా ఉంది, కానీ కారణం తెలిసాక పట్టే బట్టీ వేరు.

తర్వాత ఎముకలు. పెద్దవాళ్ళలో 206, అందులో 80 మధ్య భాగానివి, అంటే పుర్రె, వెన్ను, పక్కటెముకలు, మిగతా 126 చేతులు, కాళ్ళు, భుజాలు, నడుము కట్టు. కౌంట్ చెప్తే చాలదు, ఒక్కో ఎముక మీద ఒక్కో గుంట, ఒక్కో బుడిపె, ఒక్కో కన్నం పేరు చెప్పాలి, స్పెల్లింగ్‌తో సహా. లైబ్రరీలో ఎముకల డబ్బా ఇస్తారు, ప్లాస్టిక్‌వి, పుస్తకం తీసుకున్నట్టే కార్డు చూపించి తీసుకుని అక్కడే కూర్చుని చూసుకోవాలి. నేను చేతిలో ఎముక పట్టుకుని కళ్ళు మూసుకుని వేలితో తడిమి చెప్పడం ప్రాక్టీస్ చేసేదాన్ని, ఇది గ్లెనాయిడ్ గుంట, ఇది అక్రోమియన్, ఇది కొరకాయిడ్, కాబట్టి ఇది ఎడమ భుజం స్కాపులా. ఇంట్లో మా పాప మోచేతి కొన మీద వేలు పెట్టి ఒలెక్రనాన్, చెవి వెనక బొడిపె మీద పెట్టి మాస్టాయిడ్ అనేదాన్ని, అది కొన్నాళ్ళకి స్నానం చేయించేటప్పుడు అదే నాకు చెప్పడం మొదలుపెట్టింది.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి, స్కాఫాయిడ్, లూనేట్, ట్రైక్వెట్రమ్, పిసిఫార్మ్, ట్రపీజియం, ట్రపీజాయిడ్, కాపిటేట్, హామేట్. వాటికి ఇంగ్లిష్‌లో అందరూ చెప్పుకునే వాక్యం ఒకటుంది, పిల్లల ముందు చెప్పేది కాదు, నేను మన భాషలో ఒకటి అల్లుకున్నా: "సుశీల లడ్డూ తిన్నాక పాలు తాగితే తలనొప్పి కాస్త హాయి". స, ల, త, ప, త, త, క, హ. వెన్నుపూసలకి 7, 12, 5, పొద్దున ఏడింటికి టిఫిన్, పన్నెండింటికి భోజనం, ఐదింటికి టీ. మెడలో ఏడు, వీపులో పన్నెండు, నడుములో ఐదు. మీరూ మీ భాషలోనే అల్లుకోండి, వాళ్ళ వాక్యాలు కంఠస్థం చేయడం మళ్ళీ ఇంకో బట్టీ.

కండరాల చాప్టర్‌లో నాకు చాలా సంతోషం కలిగించినది ఒకటుంది. కండరం లాగాలంటే ఏటీపీ కావాలి, ఉన్న ఏటీపీ కొన్ని సెకన్లకే అయిపోతుంది, వెంటనే ఆదుకునేది క్రియాటిన్ ఫాస్ఫేట్, అది తన ఫాస్ఫేట్‌ని ఇచ్చి ఏటీపీని మళ్ళీ తయారుచేస్తుంది, పది పదిహేను సెకన్లు గట్టిగా పరిగెత్తడానికి సరిపోతుంది. ఈ ఫాస్ఫోక్రియాటిన్‌ని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో బయటపెట్టింది మన యల్లాప్రగడ సుబ్బారావు గారు, 1895లో భీమవరంలో పుట్టినాయన. అంతకుముందు 1925లో ఒంట్లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు, దానికి ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరు. తర్వాత ఏటీపీ మీద కూడా ఆయన పని ఉంది. క్లాసులో టెక్స్ట్‌బుక్‌లో ఆ చాప్టర్‌లో ఆయన పేరు లేదు, ల్యాబ్ అయ్యాక ప్రొఫెసర్ గారికి చెప్పా, ఆవిడ ఆసక్తిగా విని పేరు స్పెల్లింగ్ రాయించుకుని తర్వాతి క్లాసులో స్లైడ్ మీద పెట్టింది. ఎంత గర్వంగా అనిపించిందో మాటల్లో చెప్పలేను.

ఆ క్రియాటిన్ ఫాస్ఫేట్ గురించి చివర్లో ఒక్క లైన్ ఉంది, ఇదీ క్రియాటినూ రోజూ కొద్దికొద్దిగా విరిగి క్రియాటినిన్ అవుతాయి, దాన్ని కిడ్నీలు బయటికి పంపేస్తాయి అని. ఆ లైన్ దగ్గర ఆగిపోయా. ఊళ్ళో ఇన్నేళ్ళుగా విన్న నంబర్ పుట్టేది కిడ్నీలో కాదు, కండరంలో. కిడ్నీ వరకు వెళ్ళాలంటే ఇంకో సెమిస్టర్ ఆగాలి.

ల్యాబ్ ప్రాక్టికల్ గురించి చెప్పకపోతే ఇది పూర్తవదు. గది చుట్టూ స్టేషన్లు పెడతారు, ఒక్కో చోట ఒక ఎముకో, మోడలో, మైక్రోస్కోపో, దాని మీద నంబర్ వేసిన పిన్ను. నిమిషమో నిమిషంన్నరో టైమ్, బజర్ మోగగానే పక్క స్టేషన్‌కి జరగాలి, వెనక్కి వెళ్ళడం లేదు. మోడల్ ముట్టుకోకూడదు, మైక్రోస్కోప్ కదపకూడదు. ఛాయిస్ ప్రశ్నలు ఉండవు, ఖాళీ గీత మీద పేరు రాయాలి, కుడా ఎడమా రాయాలి, స్పెల్లింగ్ తప్పితే మార్కు కోత. స్టెర్నోక్లైడోమాస్టాయిడ్ (మెడ కండరం) అని రాయడానికి చేతికి అలవాటు ఉండాలి, నోటికి వస్తే చాలదు. అందుకే నేను ఫ్లాష్‌కార్డులు చూడటం తగ్గించి తెల్లకాగితం మీద రాయడం పెంచా. ఇంకొకటి, కాలేజీ ల్యాబ్‌లో ఉన్న మోడల్సే పరీక్షకి పెడతారు, ఇంటర్నెట్‌లో బొమ్మలు వేరే కోణంలో ఉంటాయి, కాబట్టి ఓపెన్ ల్యాబ్ టైమ్‌లో వెళ్ళి అవే మోడల్స్ అన్ని వైపుల నుంచి ఫోటోలు తీసుకుని, పేర్లు లేకుండా, వాటి మీద ప్రాక్టీస్ చేయండి.

నరాల చాప్టర్ కష్టమే, నరకణం లోపలి వోల్టేజ్ మైనస్ 70 మిల్లీవోల్ట్స్ దగ్గర మొదలై మైనస్ 55 దాటగానే ఒక్కసారిగా ప్లస్ 30 దాకా లేచి మళ్ళీ పడిపోయే ఆ గ్రాఫ్, అయితే ఈసీఈ చదివినవాళ్ళకి అది కెపాసిటర్, థ్రెషోల్డ్, సిగ్నల్, అంతా తెలిసిన భాషే. నా చదువు ఏమీ వృథా పోలేదు అని అక్కడ గట్టిగా అనిపించింది.

2402లో గుండె వచ్చింది. గొర్రె గుండె కోశాం, ఇద్దరికి ఒకటి. నేను మాంసం తింటా, గుండెకాయ, కార్జం వేపుడు మా ఇంట్లో మామూలే, కానీ ఇలా ట్రేలో పెట్టుకుని చూడటం వేరు. గ్లవ్స్, గాగుల్స్, మందు వాసన ముక్కుకి పట్టేసి సాయంత్రం దాకా పోదు. ముందు ఏది కుడి ఏది ఎడమ అని తేల్చాలి, చేత్తో నొక్కి చూడమన్నారు, మెత్తగా లోపలికి పోయే వైపు కుడి, వేళ్ళకి గట్టిగా తగిలేది ఎడమ, కింది మొన కూడా ఎడమ జఠరికదే. కోసి తెరిస్తే కారణం కళ్ళముందే ఉంది, ఎడమ గోడ కుడి దానికన్నా చాలా మందం, ఎందుకంటే కుడిది పక్కనే ఉన్న ఊపిరితిత్తులకి పంపితే చాలు, ఎడమది తలనుంచి కాలి బొటనవేలి దాకా పంపాలి. లోపల వాల్వ్ రెక్కలకి సన్నటి తెల్లటి తీగలు, కార్డే టెండినే, గోడ మీద లేచి ఉన్న చిన్న కండలకి కట్టి ఉన్నాయి. ఫోర్సెప్స్‌తో ఒక తీగ మెల్లగా లాగితే రెక్క కిందికి దిగింది, వదిలితే మళ్ళీ లేచింది. అంత సన్నగా ఉండి కూడా నేను లాగినప్పుడు తెగలేదు. అవి రెక్కల్ని వెనక్కి తిరగబడకుండా పట్టుకుంటాయి. మా బల్ల మీద ఆర్మీ ఆయన కూడా కాసేపు మాట్లాడకుండా అలాగే చూస్తూ ఉండిపోయాడు, వాళ్ళ నాన్నకి వాల్వ్ ఆపరేషన్ అయిందట.

సెమిస్టర్ చివర్లో కిడ్నీ. గొర్రె కిడ్నీని నిలువుగా రెండు చెక్కలు చేస్తే బయట కార్టెక్స్, లోపల ముదురు రంగులో మెడుల్లా, మధ్యలో మూత్రం వచ్చి చేరే పెల్విస్. మెడుల్లాలో పిరమిడ్లనే భాగాలు మనిషి కిడ్నీలో విడివిడిగా ఉంటాయి, గొర్రెలో కలిసిపోయి ఒకే గట్టులా ఉంటాయి. అసలు విషయం స్లైడ్‌లో ఉంది. కార్టెక్స్ స్లైడ్ మీద గుండ్రటి ముద్దలు, ఒక్కో ముద్ద చుట్టూ సన్నటి తెల్లటి ఖాళీ, ముద్ద గ్లోమెరులస్, అంటే రక్తాన్ని వడగట్టే సన్నటి రక్తనాళాల ఉండ, ఆ ఖాళీ భౌమన్ గుళిక లోపలి జాగా. టెన్త్‌లో పెన్సిల్‌తో గీసిన బొమ్మ నిజంగా ఇలాగే ఉందా అని ఎంతసేపు చూశానో. చుట్టూ అడ్డంగా తెగిన గొట్టాలు, కొన్నిటి లోపలి అంచు మసకగా, నూగు ఉన్నట్టు ఉంటుంది, అవి ప్రాక్సిమల్ ట్యూబ్యూల్స్, ఆ నూగు బ్రష్ బోర్డర్, పీల్చుకోవడానికి. లోపలి అంచు శుభ్రంగా ఉన్నవి డిస్టల్‌వి.

ఒక్కో గ్లోమెరులస్, దాని గొట్టం కలిపి ఒక నెఫ్రాన్, ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షల నెఫ్రాన్లు. నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్లు వడగడతాయి, అంటే రోజుకి 180 లీటర్లు, బయటికి వచ్చేది లీటరున్నర, రెండు లీటర్లు. మిగతాదంతా మళ్ళీ రక్తంలోకే. బీరువా సర్దేటప్పుడు ముందు అన్నీ కింద పడేసి కావాల్సినవి ఒక్కొక్కటీ లోపల పెట్టుకుంటాం చూడండి, కిడ్నీ చేసేది అదే, ముందు దాదాపు అంతా వదిలేసి తర్వాత గ్లూకోజ్, సోడియం, నీళ్ళు ఏరుకుంటుంది. క్రియాటినిన్‌ని మాత్రం వెనక్కి తీసుకోదు. కండరం రోజూ ఇంచుమించు ఒకే లెక్కలో దాన్ని తయారుచేస్తుంది, కిడ్నీ వడగట్టి వదిలేస్తుంది, కాబట్టి రక్తంలో అది పెరిగిందంటే చాలావరకు తయారీ పెరిగిందని కాదు, వడపోత తగ్గిందని. అందుకే డాక్టర్లు దాన్ని చూస్తారు. ఇంకో మాట కూడా అక్కడే చదివా, గుండెల్లో రాయిపడింది, దాదాపు సగం వడపోత పోయేదాకా క్రియాటినిన్ నార్మల్‌లోనే కనపడొచ్చు, తక్కువ కండ ఉన్న సన్నటి మనిషికి ఇంకా తక్కువ చూపిస్తుంది. మా పెదనాన్న సన్నగా ఉండే మనిషి. ఆయన రిపోర్ట్‌లో 1.3 వచ్చిన రోజుల్లో ఏం లేదులే అనుకుని తోటకెళ్ళిపోయారు.

ఉద్దానంలో షుగర్, బీపీ లేనివాళ్ళకి కూడా ఎందుకొస్తోంది అన్నదానికి ఇన్నేళ్ళ పరిశోధనల తర్వాత కూడా ఒకే ఒక్క కారణం అని తేలలేదు. నీళ్ళు, ఎండలో పని, ఒంట్లో నీరు తగ్గడం, పురుగుమందులు, వంశం, ఇలా చాలా వాటిని చూస్తున్నారు. ఈ రకం జబ్బులో దెబ్బ ఎక్కువగా గ్లోమెరులస్‌కన్నా గొట్టాలకీ, వాటి చుట్టూ ఉన్న జాగాకీ తగులుతుంది, అందుకే మొదట్లో మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, కాళ్ళు వాయవు, మనిషికి ఏమీ తెలియదు. స్లైడ్‌లో ఆ నూగు అంచు గొట్టాల్ని చూస్తున్నప్పుడు నాకు ఇదంతా తెలుసు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పక్కనున్న నైజీరియా అక్క ఏమైందని అడిగితే మా ఊరి గురించి చెప్పా. శ్రీలంకలో, మధ్య అమెరికా చెరకు తోటల్లో కూడా పనివాళ్ళకి ఇలాంటి జబ్బే ఉందని ప్రొఫెసర్ గారు చెప్పింది, ఆ రోజు లెక్చర్‌లో ఒక పావుగంట మొత్తం దీని మీదే మాట్లాడింది.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు మా అమ్మ మొదట్లో "ఏటే, ఈ వయసులో మళ్ళీ పుస్తకాలేటి" అనేది. తర్వాత పెదనాన్నే ఫోన్ తీసుకుని అడగడం మొదలుపెట్టారు. డయాలసిస్‌కి వెళ్ళినప్పుడు రక్తానికి ఇంజెక్షన్ ఎందుకమ్మా ఇస్తారు, పాడైంది కిడ్నీ కదా అన్నారొకసారి. రక్తకణాలు తయారుచేయమని ఎముక మూలుగకి కబురు పంపేది కిడ్నీయే పెదనాన్నా, ఎరిత్రోపోయిటిన్ అని ఒక హార్మోన్, అది తగ్గిపోతే రక్తం తగ్గిపోతుంది, అందుకని బయటినుంచి ఇస్తారు అన్నా. "ఇన్నేళ్ళలో ఎవరూ ఇలా చెప్పలేదమ్మా" అన్నారు. ఆసుపత్రివాళ్ళది తప్పని నేననను, అంతమంది రోగుల మధ్య కూర్చుని చెప్పే తీరిక వాళ్ళకెక్కడిది. కానీ ఆ చెప్పే మనిషి ఒకరు ఉండాలి, నాకు నర్సు అవ్వాలని ఉన్నది అందుకే, కుదిరితే డయాలసిస్ యూనిట్‌లోనే.

ఇక చదవాలనుకునేవాళ్ళకి కొన్ని మాటలు. పుస్తకానికి డబ్బులు పెట్టే ముందు ఓపెన్‌స్టాక్స్ అనాటమీ అండ్ ఫిజియాలజీ చూడండి, హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ వాళ్ళది, పూర్తిగా ఉచితం, 28 చాప్టర్లు, మా ప్రొఫెసర్ అదే వాడింది. సమ్మర్‌లో ఐదు వారాల్లో 2401 అయిపోతుందని ఆశపడొద్దు, పదహారు వారాల సరుకు అంతే ఉంటుంది, ఇంట్లో చిన్నపిల్లలుంటే అసలు వద్దు. 2401, 2402 ఒకే సెమిస్టర్‌లో పెట్టుకునేవాళ్ళని కూడా చూశా, అలా వద్దు. చాలా నర్సింగ్ ప్రోగ్రామ్‌లు సైన్స్ కోర్సులు ఐదేళ్ళు లేదా ఏడేళ్ళ లోపువే అయ్యుండాలంటాయి, అలాగే రిపీట్ చేసినవాటికి పాయింట్లు తగ్గించే చోట్లు కూడా ఉన్నాయి, కాబట్టి చేరే ముందే మీరు అప్లై చేయబోయే ప్రోగ్రామ్ రూల్స్ చదువుకోండి. నర్సు లైసెన్స్ పరీక్షకీ, ఉద్యోగానికీ వీసా లెక్కలు వేరేగా ఉంటాయి, హెచ్‌4 ఉన్నంత మాత్రాన పనిచేయలేం, ఈఏడీ అనే వర్క్ పర్మిట్ ఉండాలి, హెచ్‌4 వాళ్ళకి అది 2015 నుంచి ఇస్తున్నారు గానీ అందరికీ రాదు, స్పౌజ్ గ్రీన్‌కార్డ్ దశ మీద ఆధారపడి ఉంటుంది. అది చూసుకుని టైమ్ ప్లాన్ చేసుకోండి.

పిల్లలున్నవాళ్ళకి సాయంత్రం ల్యాబ్ సెక్షన్లు బాగుంటాయి, కానీ అవే ముందు నిండిపోతాయి. మా కాలేజీలో జనవరిలో మొదలయ్యే స్ప్రింగ్ సెమిస్టర్ రిజిస్ట్రేషన్ నవంబర్‌లోనే తెరుస్తారు, అక్టోబర్‌లోనే అడ్వైజర్‌ని కలిసి రిజిస్ట్రేషన్‌ని ఆపే ప్రీరిక్విజిట్ హోల్డ్‌లు ఏమైనా ఉంటే తీయించుకుని పెట్టుకోండి. నాకు జనవరి నుంచి 2420 మైక్రోబయాలజీ, సోమ, బుధవారాలు సాయంత్రం, సీటు దొరికింది.